పెళ్లి ఈస్ట్ హామ్‌లో, మిక్సింగ్ తెనాలిలో

లండన్‌లో ఈస్ట్ హామ్ స్టేషన్ మెట్లెక్కి హై స్ట్రీట్ నార్త్ మీదకు వచ్చిన కాసేపటికే ఎవరో ఒకరి తెలుగు చెవిన పడుతుంది. చదువుల కోసం వచ్చి గదులు పంచుకుని ఉంటున్న కుర్రాళ్లు, ఉద్యోగాల్లో కుదురుకుని పిల్లల్ని బడికి పంపుతున్న జంటలు, మనవల్ని చూసుకోవడానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలూ నానమ్మలూ ఈ వీధిలోనే కూరలు కొంటారు, ఈ వీధిలోనే ఉన్న మహాలక్ష్మి గుడికి వెళతారు. ఇంతమంది చేరాక వేడుకలు ఆగవు కదా. సీమంతం, అన్నప్రాసన, మొదటి పుట్టినరోజు, ఓణీలు, అప్పుడప్పుడూ పెళ్లి. వేడుక ఎక్కడుంటే కెమెరా అక్కడ ఉండాల్సిందే.

కెమెరా పట్టే మనిషి ఈస్ట్ హామ్‌లోనే దొరుకుతాడు. మిక్సింగ్, అంటే ఎడిటింగ్, చేసే మనిషి మాత్రం తెనాలిలోనో వరంగల్‌లోనో ఉండటం మామూలే. ఖర్చు ఒక కారణం. తంతు తెలిసినవాడి చేతిలోనే ఆ వీడియో పడాలన్న పట్టుదల ఇంకో కారణం. జీలకర్ర బెల్లం పెట్టే ఘట్టానికీ తలంబ్రాల సందడికీ తేడా తెలియని ఎడిటర్ రెంటినీ ఒకే పాట కింద కలిపేసి పంపితే ఇంటి పెద్దలు ఊరుకోరు. గడియారం కూడా కలిసొస్తుంది. బ్రిటన్ కంటే ఇండియా చలికాలంలో అయిదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ రాత్రి పంపింది అక్కడ పొద్దున స్టూడియో షట్టర్ తీసేసరికి చేరి ఉంటుంది.

చిక్కు వచ్చేది పని సగం ఇక్కడ, సగం అక్కడ జరిగినప్పుడు. ఈస్ట్ హామ్ కుర్రాడొకడు తనే కూర్చుని ముఖ్యమైన ఘట్టాలు కట్ చేశాడనుకుందాం. స్లోమోషన్లు పెట్టాడు, రంగులు సరిచేశాడు, వధూవరుల పేర్లు బంగారు అక్షరాల్లో తిప్పాడు. మిగతాది పూర్తి చేయమని ప్రాజెక్టు ఫైలును తెనాలి పంపాడు. అరగంటలో ఫోన్.

"అన్నా, ప్రాజెక్టు తెరుచుకుంది గానీ స్క్రీనంతా ఎర్రగా వస్తోంది. వీడియోలేవి?"

"అన్నీ అందులోనే ఉన్నాయి కదరా తమ్ముడూ."

"లేవన్నా. ఫైలు మొత్తం కలిపి మూడు ఎంబీయే ఉంది."

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఎడిటింగ్ ప్రాజెక్టు లగ్నపత్రిక లాంటిది. అందులో ముహూర్తం ఉంటుంది, వేదిక చిరునామా ఉంటుంది, ఎవరి పేరు ఎవరి పక్కన రావాలో ఉంటుంది. పెళ్లి మాత్రం ఉండదు. ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఫైలును విప్పి చూస్తే లోపల కనిపించేవి కుదించి పెట్టిన ఎక్స్ఎంఎల్ అక్షరాలే. ఫలానా డ్రైవులో ఫలానా ఫోల్డర్‌లో ఉన్న ఫలానా క్లిప్పు తీసుకో, 12వ సెకను నుంచి 17వ సెకను దాకా వాడు, వేగం 40 శాతానికి తగ్గించు, ఈ రంగు ఇంత పెంచు అని వరసగా ఆదేశాలు. తెర మీద మనం చూసేది ఆ ఆదేశాల ప్రకారం కంప్యూటర్ అప్పటికప్పుడు కూర్చి చూపించే బొమ్మ. ఆదేశాలు తెనాలి చేరాయి. క్లిప్పులు ఈస్ట్ హామ్ హార్డ్ డిస్కులోనే ఉండిపోయాయి. ఆ ఎర్ర తెర మీద రాసి ఉండేది కూడా అదే మాట: మీడియా ఆఫ్‌లైన్.

క్లిప్పులు కూడా పంపితే సరిపోతుందా? సగమే. ఈస్ట్ హామ్ ల్యాప్‌టాప్‌లో ఆ హార్డ్ డిస్కు పేరు 'ఇ' డ్రైవు, తెనాలి కంప్యూటర్లో అదే 'ఎఫ్' డ్రైవు కావచ్చు. చిరునామా మారింది కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు ఇల్లు దొరకదు. అయితే ఫోల్డర్ల అమరిక చెదరకుండా పంపితే ఒక్క క్లిప్పు ఎక్కడుందో చూపిస్తే చాలు, మిగతావాటిని చాలా సాఫ్ట్‌వేర్లు తామే వెతుక్కుంటాయి. ఈ పనినే ఎడిటర్లు రీలింక్ అంటారు.

రీలింక్‌లో ఒక ప్రమాదం దాగి ఉంది. ఎర్ర తెర కంటే అది ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే చూడగానే తెలియదు. సోనీ కెమెరాలు క్లిప్పులకు సీ0001, సీ0002 అని వరసగా పేర్లు పెడతాయి. పెళ్లికి రెండు కెమెరాలుంటే రెంటిలోనూ సీ0001 ఉంటుంది. కార్డు మార్చి లెక్క మళ్లీ మొదటికొస్తే అదే కెమెరాలో ఇంకో సీ0001. అన్నీ ఒకే ఫోల్డర్‌లో పడేసి, పేరొక్కటే చూసి రీలింక్ చేస్తే ఏమవుతుంది? జీలకర్ర బెల్లం దగ్గర వధువు ముఖం దగ్గరగా కనిపించాల్సిన చోట హాలు గుమ్మం దగ్గర పన్నీరు చల్లుతున్న దృశ్యం వస్తుంది. స్లోమోషన్ అలాగే ఉంటుంది, రంగు అలాగే ఉంటుంది, మెరుపులు సరిగ్గా పాటకు తగ్గట్టే పడతాయి. బొమ్మే వేరు. ఎఫెక్టులన్నీ చెక్కుచెదరకుండా వచ్చాయి, పెళ్లి మాత్రం తారుమారైంది. అందుకే పాత కాపులు ఎడిటింగ్ మొదలుపెట్టక ముందే ఒక్కో కెమెరాకు, ఒక్కో కార్డుకు విడి ఫోల్డర్ పెట్టి, క్లిప్పుల పేర్లలో కూడా ఆ గుర్తు చేరుస్తారు. కట్ మొదలయ్యాక పేరు మార్చరు.

ఈ తిప్పలు తగ్గించడానికే సాఫ్ట్‌వేర్లలో ఒక ఏర్పాటు ఉంది. వాడినవన్నీ వెతికి, ఒక్కచోట చేర్చి, చిరునామాలు దిద్ది మూట కట్టిస్తుంది. ప్రీమియర్‌లో దాని పేరు ప్రాజెక్ట్ మేనేజర్. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కలెక్ట్ ఫైల్స్. తెలుగు నేల మీద పెళ్లి మిక్సింగ్ స్టూడియోల్లో ఏళ్లుగా పాతుకుపోయిన ఎడియస్‌లో కన్సాలిడేట్ ప్రాజెక్ట్. డావించీ రిసాల్వ్‌లో ప్రాజెక్ట్ ఆర్కైవ్. రిసాల్వ్ దగ్గర ఒక మెలిక ఉంది. అందులో ప్రాజెక్టులు మామూలు ఫోల్డర్లలో కాక డేటాబేస్‌లో ఉంటాయి. కాబట్టి ఫోల్డర్లు వెతికి కాపీ చేద్దామంటే కుదరదు, సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే బయటికి తీయాలి. అక్కడా రెండు దారులున్నాయి. ప్రాజెక్టును మాత్రమే ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆదేశాలే వస్తాయి, ఆర్కైవ్ చేస్తేనే ఫుటేజీ కూడా వస్తుంది.

మెరుపులన్నీ ఒక జాతి కావు

మూట సరిగ్గా కట్టినా ఎఫెక్టులు దారిలో రాలిపోవచ్చు. దీనికి కారణం తెలియాలంటే ఎఫెక్టు ఎక్కడ పుడుతుందో చూడాలి.

సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే ఫేడ్, డిసాల్వ్, సైజు పెంచడం, రంగు సరిచేయడం వంటివి అదే సాఫ్ట్‌వేర్, అదే వెర్షన్ ఉన్న ఏ కంప్యూటర్లోనైనా యథాతథంగా కనిపిస్తాయి. కొత్త వెర్షన్‌లో దాచిన ప్రాజెక్టును పాత వెర్షన్ తెరవదు. ఈస్ట్ హామ్ కుర్రాడు నెలనెలా అప్‌డేట్ చేసుకుంటూ పోతే, బాగా నడుస్తున్న కంప్యూటర్‌ను కదిలించడం ఇష్టంలేని తెనాలి స్టూడియో పాత వెర్షన్ మీదే ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు వెర్షన్ నంబర్ అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

ప్లగిన్లు వేరే సంగతి. బోరిస్ ఎఫ్ఎక్స్ వారి శాఫైర్, రెడ్ జెయింట్ వంటివి విడిగా కొనుక్కునే సరుకు. ప్రాజెక్టులో ఉండేది ప్లగిన్ పేరు, దానికి పెట్టిన అంకెలు. ప్లగిన్ అవతలి కంప్యూటర్లో లేకపోతే ఆ పేరు ఉత్త పేరుగానే మిగులుతుంది. రిసాల్వ్‌లో ఇది ఇంకో రూపంలో ఎదురవుతుంది. దాని ఉచిత కూర్పు చాలామందికి సరిపోతుంది. కానీ డబ్బు కట్టిన స్టూడియో కూర్పులో మాత్రమే ఉండే ఎఫెక్టు ఒక్కటి వాడి పంపినా, ఉచిత కూర్పులో తెరిచినవాడికి బొమ్మ మీద అడ్డంగా వాటర్‌మార్క్ వచ్చి కూర్చుంటుంది.

సినిమా రంగు తెప్పించడానికి వాడే లట్ ఫైళ్లు కూడా అంతే. చిన్న ఫైలు, ఎక్కడో లోపలి ఫోల్డర్‌లో ఉంటుంది, మూటలోకి రావడం మర్చిపోతుంది. అది లేకపోతే పసుపు బట్టల పెళ్లంతా పాలిపోయి కనిపిస్తుంది.

వీటన్నిటికంటే తెలుగువాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఫాంటు. ఇది ఇంగ్లిష్ పాఠాలు చెప్పే వీడియోల్లో ఎక్కడా వినపడదు, కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. శుభలేఖల నుంచి ఫ్లెక్సీల దాకా తెలుగు డీటీపీ లోకం అను ఫాంట్ల మీద నడిచింది, ఇప్పటికీ చాలావరకు నడుస్తోంది. వాటి అందం కాదనలేనిది. కానీ అను ఫాంట్లలో టైపు చేసింది కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ ఉండే స్థానాల్లో తలకట్లు, ఒత్తులు, అక్షరాల ముక్కలు కూర్చిన యూనికోడ్‌కు ముందు తరం పద్ధతి అది. ఆ ఫాంటు ఉన్నచోట 'వివాహ మహోత్సవం' అని కళకళలాడే టైటిల్, అది లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, కొక్కేలు, ఆశ్చర్యార్థకాలుగా విడిపోతుంది. బంగారు పూత మాత్రం అలాగే మెరుస్తూ ఉంటుంది.

1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. యూనికోడ్‌లో టైపు చేసిన పేరు, ఫాంటు మారినా తెలుగుగానే ఉంటుంది. వంకర టింకరగా కనిపించినా చదవడానికి వీలవుతుంది. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, ధూర్జటి, సూరన్న, ఎన్టీఆర్ వంటి యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. పంచుకోవడానికి అనుమతి ఉన్న లైసెన్సుతో వచ్చాయి కనుక ప్రాజెక్టు మూటలో ఫాంటు ఫైలునూ నిశ్చింతగా చేర్చి పంపవచ్చు. కొనుక్కున్న ఫాంటును అలా పంపడం చాలాసార్లు లైసెన్సుకు విరుద్ధం. ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. ప్రీమియర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కొన్ని వెర్షన్ల సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోకపోతే యూనికోడ్ తెలుగు కూడా చెదురుతుంది. 'శ్రీ' రెండు మూడు ముక్కలై పక్కపక్కన నిలబడుతుంది. శుభమా అని పేర్లు వేస్తుంటే మొదటి అక్షరమే విరిగిపోవడం ఏ ఇంట్లోనూ నచ్చదు.

ఫాంటు సంగతి ఏమాత్రం అనుమానంగా ఉన్నా దానికి తిరుగులేని విరుగుడు ఉంది. టైటిల్‌ను వెనక నేపథ్యం లేకుండా పారదర్శకంగా, ప్రోరెస్ 4444 వంటి ఫార్మాట్‌లో విడి వీడియోగా రెండర్ చేసి, దాన్నీ మూటలో పెట్టడం. అప్పుడు ఫాంటు లేకపోయినా బొమ్మ ఉంటుంది. దాంట్లో అక్షరం మార్చడం మాత్రం కుదరదు. అందుకే టైటిల్ ప్రాజెక్టు, రెండర్ చేసిన టైటిల్ రెండూ పంపాలి.

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో సాఫ్ట్‌వేర్‌కు

ఈస్ట్ హామ్‌లో రిసాల్వ్, తెనాలిలో ఎడియస్ అయితే? ఒకదాని ప్రాజెక్టును ఇంకొకటి నేరుగా తెరవదు. మధ్యలో అందరికీ అర్థమయ్యే జాబితా కావాలి. ఆ ఆలోచన కొత్తది కాదు. కంప్యూటర్ ఎడిటింగ్‌కు ఆద్యమనదగ్గ సీఎంఎక్స్ 600 యంత్రం 1971లోనే వచ్చింది. ఆ సీఎంఎక్స్ కుటుంబం నుంచి వచ్చిన ఎడిట్ డెసిషన్ లిస్ట్, అంటే ఈడీఎల్, నేటికీ బతికే ఉంది. ఏ టేపులో ఏ సమయం నుంచి ఏ సమయం వరకు తీసుకున్నామో వరసగా రాసిన చీటీ అది. కట్లు, డిసాల్వ్‌లు మోస్తుంది. తర్వాత వచ్చిన ఎక్స్ఎంఎల్, ఏఏఎఫ్ జాబితాలు మరికాస్త మోస్తాయి: బొమ్మ సైజు, స్థానం, వేగం, ఆడియో ట్రాకులు. పిక్సార్ స్టూడియోలో పుట్టి ఇప్పుడు అందరికీ ఉచితంగా అందుతున్న ఓపెన్ టైమ్‌లైన్ ఐవో ఈ వరసలో కొత్తది. దాంట్లో కూడా ఎఫెక్టు పేరు ప్రయాణిస్తుంది గానీ ఎఫెక్టు ప్రయాణించదు. రెండు కంపెనీల గ్లో ఎఫెక్టులు పేరుకు ఒకటే అయినా లోపలి లెక్కలు వేరు. కాబట్టి 'అన్ని ఎఫెక్టులూ అలాగే వేరే సాఫ్ట్‌వేర్‌లోకి మార్చి పెడతాం' అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మాల్సిన పని లేదు.

మరి వందలమంది పనిచేసే సినిమాలకు ఈ పని ఎలా సాగుతోంది? 'బాహుబలి' తొలి భాగం 2015 జులై 10న, మలి భాగం 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యాయి. ఎడిటర్ కోటగిరి వెంకటేశ్వరరావు. గ్రాఫిక్స్ పని హైదరాబాద్‌లోని మకుట, ఫైర్‌ఫ్లై సహా అనేక సంస్థలు పంచుకున్నాయి. ఇలాంటి సినిమాల్లో సంస్థల మధ్య తిరిగేవి సాధారణంగా ప్రాజెక్టు ఫైళ్లు కావు. ఎడిటర్ దగ్గర నుంచి షాటుకు కావలసిన అసలు ఫ్రేములు వెళతాయి. గ్రాఫిక్స్ పూర్తయిన ఫ్రేములు తిరిగి వస్తాయి. ఇలా ఫ్రేములు చేతులు మారడానికి ప్రపంచమంతా వాడేది ఓపెన్ ఈఎక్స్ఆర్. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ తన కోసం తయారు చేసుకుని 2003లో అందరికీ విడిచిపెట్టిన ఫార్మాట్. రంగు, వెలుగు నష్టపోకుండా, పొరలు పొరలుగా బొమ్మను దాచుకుంటుంది. ఎఫెక్టు పుట్టినచోటే పండి, బొమ్మగా ప్రయాణిస్తుంది.

ఆ ఫ్రేములతో పాటు తప్పనిసరిగా వెళ్లేది ఇంకొకటి ఉంది. రిఫరెన్స్ వీడియో. సినిమా రంగులు దిద్దే డీఐ గదికి కట్ వెళ్లేటప్పుడు, ఎడిటర్ తన టేబుల్ మీద సినిమా ఎలా కనిపిస్తోందో అలాగే తక్కువ సైజులో రెండర్ చేసి, కింద టైమ్‌కోడ్, అంటే ఒక్కో ఫ్రేము సమయం, అచ్చు వేసి పంపిస్తాడు. అక్కడ మళ్లీ కూర్చిన సినిమాను దాని పక్కన పెట్టి షాటు షాటుగా సరిచూస్తారు. ఒక్క ఫ్రేము జరిగినా పట్టుబడుతుంది. పెళ్లి వీడియోలు చేసేవాళ్లు సినిమా వాళ్ల నుంచి ఒక్క అలవాటు నేర్చుకోగలిగితే ఇదే నేర్చుకోవాలి. సీ0001 ప్రమాదాన్ని మొదటి నిమిషంలోనే పట్టిచ్చేది రిఫరెన్స్ వీడియోనే.

దాచిపెట్టిన పని తర్వాత ఎందుకు అక్కరకొస్తుందో కూడా 'బాహుబలి'లోనే చూడవచ్చు. రెండు భాగాలు కలిపి దాదాపు అయిదున్నర గంటలున్న కథను ఒక్క సినిమాగా కుదించి, 'బాహుబలి: ది ఎపిక్' పేరుతో 2025 అక్టోబర్ 31న విడుదల చేశారు. నిడివి మూడు గంటల ముప్పావు. పదేళ్ల కిందటి సినిమాను అలా తిరిగి కత్తిరించాలంటే తెర మీద కనిపించే తుది ప్రతి ఒక్కటీ చాలదు. పాట, మాట, శబ్దం కలిసిపోయిన ట్రాకును మధ్యలో కోస్తే సంగీతం తెగుతుంది. విడివిడి ట్రాకులు, ఏ షాటు ఎక్కడిదో చెప్పే జాబితాలు ఉన్న చోటే ఆ పని సాఫీగా జరుగుతుంది.

పంపకాల్లో ఉన్న ముప్పు కూడా తెలుగు సినిమాకు అనుభవమే. 2013 సెప్టెంబర్‌లో 'అత్తారింటికి దారేది' విడుదలకు ముందే దాదాపు సగం సినిమా ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. హడావుడిగా 27న విడుదల చేయాల్సి వచ్చింది. పెళ్లి వీడియోకు అంత వ్యాపారం లేకపోవచ్చు, కానీ అందులో ఉన్నవి ఒక కుటుంబం ముఖాలు, చిన్నపిల్లల ముఖాలు. ఎవరికి పడితే వారికి లింకు తెరిచి ఉంచడం మంచిది కాదు.

ఫోన్లో పుట్టిన ఎడిటర్లు

కంప్యూటర్ ముట్టకుండానే ఎడిటర్లైన తరం ఒకటి తెలుగునాట తయారైంది. వాళ్ల భాషలో 'ఎక్స్ఎంఎల్ ఇవ్వు బ్రో' అన్నది రోజువారీ మాట. 2018లో ఆండ్రాయిడ్ ఫోన్లలోకి వచ్చిన అలైట్ మోషన్ దీనికి మూలం. హీరో పుట్టినరోజుకు వాట్సాప్ స్టేటస్ వీడియో చేసినవాడు, దాని ఎక్స్ఎంఎల్‌ను పంచుతాడు. అందులో కదలికలు, ఆ కదలికల మలుపులు గుర్తించే కీఫ్రేములు, ఎఫెక్టులు ఉంటాయి, ఫొటోలు ఉండవు. అందుకున్నవాడు తన చెల్లెలి ఫొటోలు పెట్టుకుంటే అదే వీడియో చెల్లెలి పుట్టినరోజు వీడియో అవుతుంది. పాటలో దెబ్బ పడే చోట్ల ముందే గుర్తులు పెట్టి ఇచ్చే బీట్ మార్క్ ప్రాజెక్టులకు మరీ గిరాకీ. పెద్ద స్టూడియోలు ఎఫెక్టులు చెదరకుండా కాపాడుకోవడానికి తంటాలు పడుతుంటే, ఈ పిల్లలు బొమ్మ వదిలేసి ఎఫెక్టునే పంచుకునే పద్ధతి కనిపెట్టారు. పెద్దలు తేలిగ్గా తీసిపారేసే ఈ స్టేటస్ వీడియోల్లో ఎంతోమంది కీఫ్రేము అంటే ఏమిటో, కదలిక ఎక్కడ నెమ్మదించాలో ఒకరి ప్రాజెక్టు ఇంకొకరు విప్పి చూసి నేర్చుకున్నారు. ఇది నిజమైన బడి. ఆ ఎక్స్ఎంఎల్‌లతో పాటు తిరిగే నకిలీ యాప్‌లే బెడద. ఉచితంగా ప్రో వస్తుందని ఎవరో మార్చిన యాప్‌ను ఫోన్లో వేసుకుంటే ఫోన్ తాళాలు వాళ్ల చేతిలో పెట్టినట్టే.

ఫొటోలతో సహా మొత్తం పంపాలంటే అలైట్ మోషన్‌లోనే ప్రాజెక్ట్ ప్యాకేజీ ఉంది. కైన్‌మాస్టర్‌లో ప్రాజెక్టును డాట్ కైన్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే అదీ మూటగానే వస్తుంది.

ఈస్ట్ హామ్‌లో ఉన్నవాళ్లకు మాత్రం ఫోన్ యాప్‌లలో ఒక కనిపించని గోడ ఎదురవుతుంది. బ్రిటన్‌లో విద్యార్థులు ఇష్టంగా వాడే క్యాప్‌కట్ ఇండియాలో దొరకదు. 2020లో చైనా యాప్‌ల మీద పడిన నిషేధాల్లో అదీ పోయింది. ఇక్కడ ఎంత ముచ్చటగా చేసిన ప్రాజెక్టు అయినా వరంగల్‌లో ఉన్న తమ్ముడు తెరిచి మార్చలేడు, తయారైన వీడియో మాత్రమే చూడగలడు. 2025 జనవరిలో అమెరికాలో టిక్‌టాక్‌తో పాటు క్యాప్‌కట్ కూడా హఠాత్తుగా ఆగింది. ఎడిటింగ్ మధ్యలో ఉన్నవాళ్లు అలాగే చేతులు కట్టుకు కూర్చున్నారు. రెండు దేశాల్లో ఉన్న ఇద్దరు కలిసి పని చేయాలనుకున్నప్పుడు, యాప్ ఎంచుకునే ముందు రెండు చోట్లా అది దొరుకుతుందో లేదో చూసుకోవాలి.

ఇక బరువు సంగతి. మంచి కెమెరాలో సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియో గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు నాలుగేసి గంటలు తిరిగితే 360 జీబీ. సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న ఇంట్లోంచి అది కదలాలంటే ఆగకుండా 40 గంటలు. అందుకని ప్రాక్సీలు పంపుతారు. అవే క్లిప్పులు, అవే పేర్లు, సెకనుకు 5 మెగాబిట్లకు కుదించినవి. మొత్తం 18 జీబీ, రెండు గంటల పని. తెనాలిలో ప్రాక్సీల మీద కట్ చేసి, మూడు ఎంబీల ప్రాజెక్టును వెనక్కి పంపితే, ఈస్ట్ హామ్‌లో దాన్ని అసలు క్లిప్పులకు రీలింక్ చేసి తుది వీడియో తీస్తారు. ఈ దారిలో ఒక షరతుంది: రెండర్ జరిగేది ఈస్ట్ హామ్‌లో కాబట్టి ప్లగిన్లు, ఫాంట్లు ఇక్కడ కూడా ఉండాలి. వాట్సాప్‌లో మాత్రం క్లిప్పులను వీడియోగా పంపకూడదు, అది కుదించి పారేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ దాకా ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది.

ఒకే ప్రాజెక్టును ఇద్దరూ ఒకేసారి తెరిచి పని చేసే రోజులూ వచ్చాయి. 2022లో రిసాల్వ్ 18తో వచ్చిన బ్లాక్‌మ్యాజిక్ క్లౌడ్ అలాంటిది. నెట్ నిలకడగా ఉన్నచోట అది బాగుంటుంది.

పంపడం అయిపోయాక దాచడం మిగిలి ఉంటుంది. దాచినదాంట్లో ఏది మిగులుతుందో పాత సినిమాలను చూస్తే తెలుస్తుంది. ఈస్ట్ హామ్‌లో బార్కింగ్ రోడ్ మీద 1938లో ఓడియన్‌గా తెరుచుకున్న హాలు 1990ల్లో బోలిన్ సినిమాగా మారి భారతీయ చిత్రాలు ఆడించింది, తెలుగు సినిమాలూ ఆడాయి. రీళ్ల రోజుల్లో అలాంటి హాళ్లకు చేరిన సినిమాల్లో ఎఫెక్టు, బొమ్మ వేరువేరుగా ఉండేవి కావు. 1957 నాటి 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్‌లీ కెమెరా మాయలన్నీ ఫిల్ములోనే కలిసిపోయి ఉన్నాయి. 2010లో ఆ సినిమాకు రంగులద్దిన హైదరాబాద్ సంస్థ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ చేతిలో ఉన్నది ఆ కలిసిపోయిన బొమ్మే. అయినా ఫిల్ము మిగిలి ఉంది కనుక పని జరిగింది.

వీడియో యుగం అంతకంటే బలహీనమైనది. 1987 నుంచి 1994 దాకా వచ్చిన 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' సీరియల్‌ను 35 ఎంఎం ఫిల్ము మీద తీసి, ఎడిటింగూ ఎఫెక్టులూ వీడియో టేపు మీద చేశారు. 2012లో హైడెఫినిషన్‌లోకి తేవడానికి టేపు పనికిరాలేదు. నెగటివ్‌లు బయటికి తీసి, ఏడు సీజన్లూ మళ్లీ కట్ చేసి, ఎఫెక్టులు మళ్లీ కూర్చారు. విడి విడి ముక్కలు దాచి ఉంచారు గనుక సాధ్యమైంది. అదే కాలపు 'బాబిలాన్ 5' సీరియల్‌కు ఆ అదృష్టం లేదు. దాని గ్రాఫిక్స్ కంప్యూటర్ ఫైళ్లు దక్కలేదు. 2021లో వచ్చిన కొత్త కూర్పులో మనుషులున్న దృశ్యాలు ఫిల్ము నుంచి తళతళలాడుతూ వస్తే, అంతరిక్ష నౌకలు పాత వీడియోను సాగదీసిన బొమ్మలుగానే మిగిలాయి.

ఈస్ట్ హామ్‌లో కొత్తగా వచ్చిన కుర్రాళ్లు గదులు మారుతూనే ఉంటారు, వీసా అయిపోయి వెళ్లిపోతారు, ల్యాప్‌టాప్ అమ్మేస్తారు. స్టూడియోలు డిస్కులు నిండగానే పాత పెళ్లిళ్లు చెరిపేస్తాయి. అది వాళ్ల తప్పు కూడా కాదు, ఎంతకాలం దాచాలో ఎవరూ అడగలేదు. కాబట్టి అడగాల్సింది బుకింగ్ రోజునే. పెన్‌డ్రైవులో తుది వీడియోతో పాటు ప్రాజెక్టు, ఫుటేజీ మూట కూడా ఇస్తారా, దానికి విడిగా ఎంత అని. పదేళ్ల తర్వాత తాతగారు పోయినప్పుడు, ఆయన కనిపించే దృశ్యాలన్నీ ఒక్కచోట చేర్చుకోవాలనిపిస్తే పాట కింద నలిగిపోయిన తుది వీడియోలో ఆయన గొంతు వినపడదు. రా ఫుటేజీలో వినపడుతుంది. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ, ఒకటి వేరే చోట అన్నది ఫొటోగ్రాఫర్లు పాటించే లెక్క. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ ఉన్న కుటుంబాలకు ఆ వేరే చోటు ఎప్పుడూ ఉండనే ఉంది. ఒక డిస్కు ఈస్ట్ హామ్‌లో, ఒకటి అమ్మానాన్నల బీరువాలో, ఒక ప్రతి క్లౌడ్‌లో.

మూటలో చివరగా చేర్చాల్సింది ఒక చిన్న టెక్స్ట్ ఫైలు. సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఏ ప్లగిన్లు, ఏ ఫాంట్లు, ఏ లట్, ఏ పాటలు వాడారు, ఏ ఫోల్డర్‌లో ఏ కెమెరా ఫుటేజీ ఉంది అని తెలుగులోనే పది వరసలు. ఆ తర్వాత అసలు హార్డ్ డిస్కు పీకేసి, మూటను వేరే కంప్యూటర్లో తెరిచి, రిఫరెన్స్ వీడియోతో పక్కపక్కన నడిపి చూడాలి. ఎర్ర తెర ఎక్కడా రాకపోతే, పేర్లు విరగకపోతే, జీలకర్ర బెల్లం చోట జీలకర్ర బెల్లమే ఉంటే, అప్పుడు కెమెరా కార్డులు ఫార్మాట్ చేసుకోవచ్చు.